వైడెన్‌రోడ టౌన్ హాలు బుకింగు నియమావళి

ప్రజాస్వామ్యానికి పునాది ఓటు కాదు, రాజ్యాంగం కాదు, పత్రికలు అసలే కావు. టౌన్ హాలు బుకింగు రిజిస్టరు. ఈ సత్యాన్ని జర్మనీలోని వైడెన్‌రోడ ఊళ్లో ఓట్టోమార్ ప్లెస్‌కే అనే ఆయన ఇరవై ఏడేళ్లుగా ఎరిగి ఉన్నాడు. ఆయన మునిసిపాలిటీలో హాలు గుమాస్తా. చక్రవర్తి ఉన్న రోజుల్లో ఆ కుర్చీలో కూర్చున్నాడు, చక్రవర్తి దేశం విడిచి పారిపోయిన రోజునా అక్కడే కూర్చున్నాడు. (ఆ రోజు మూడింటికి పావురాల పెంపకందారుల సంఘం సభ ఉంది. సరిగ్గా మూడింటికే మొదలైంది.)

వైడెన్‌రోడలో పదకొండు వేల మంది జనం, నూట ముప్పై నాలుగు సంఘాలు. ముగ్గురు ఒక బల్ల దగ్గర కూర్చుంటే చాలు, లేచేటప్పటికి అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి అయి లేచేవారు. నాలుగోవాడు వస్తే అతను అసమ్మతి వర్గం. చన్నీళ్ల స్నానాల సంఘానికీ, పాటల సంఘాలకీ, పార్టీలకీ అందరికీ శనివారం సాయంత్రమే హాలు కావాలి. హాలేమో ఒకటే. శనివారమూ వారానికి ఒకటే. (ఈ రెండో ఇబ్బంది గురించి మునిసిపాలిటీ పై అధికారులకు రెండుసార్లు రాసింది. పరిశీలనలో ఉంది.)

ఇంత కొరతలోనూ జనం తలలు పగలగొట్టుకోకుండా బతికారంటే అది ముప్పై ఒక్క క్లాజుల నియమావళి చలవే. ప్లెస్‌కేకి అది కంఠతా వచ్చు. నియమం ఉన్నంతకాలం ఎవడూ ఎవడినీ ఏమీ చేయలేడని ఆయన మనసారా నమ్మాడు. చెడ్డ నమ్మకమేమీ కాదు. పాపం, అంతకంటే మంచి నమ్మకాలు కూడా ఆ ఏడాది ఊళ్లో ఎవరి దగ్గరా లేవు.

ఆ ఏడాది అంటే 1932. ఏప్రిల్ ముప్పై శనివారం. మర్నాడు మే డే. ఆ శనివారం సాయంత్రం హాలు కావాలని ఇద్దరు దరఖాస్తు పెట్టారు. ఒకడు రైన్‌హోల్డ్ టాయ్‌బర్ట్. అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే పని అతనిది. కార్మికుల పాటల సంఘానికి అధ్యక్షుడు, సోషలిస్టు, ప్లెస్‌కేకి చిన్ననాటి నేస్తం. రెండోవాడు హుగో క్రాట్స్. తాళాలు బాగుచేస్తాడు, కమ్యూనిస్టు. ఇద్దరూ కార్మికుల మేలు కోరేవాళ్లే. కాబట్టి ఇద్దరికీ మాటల్లేవు.

ఇలాంటప్పుడు పద్నాలుగో నియమం ఉంది. ఇద్దరూ ఒకే రోజు అడిగితే, గురువారం మధ్యాహ్నం పన్నెండులోగా ఉమ్మడి ఫారం మీద ఇద్దరూ సంతకాలు పెట్టి హాలు పంచుకోవాలి. లేదంటే జాబితాలో తరువాతివాడికి పోతుంది.

ఆ గురువారం పదకొండూ నలభైకి ఇద్దరూ ప్లెస్‌కే కిటికీ ముందు నిలబడ్డారు.

“పై గీత మీద నా పేరు ఉండాలి. మా వెనక ఊళ్లో రెండు వేల ఓట్లున్నాయి” అన్నాడు టాయ్‌బర్ట్.

“రెండు వేలూ మిల్లు ఓనరు గారి టీపార్టీలో అమ్ముకున్నవే కదయ్యా! ఆ గోధుమరంగు చొక్కాలవాళ్లే నయం, ఎదురొచ్చి కొడతారు. మీరు భుజం మీద చెయ్యేసి కొడతారు” అన్నాడు క్రాట్స్.

“మాస్కో నుంచి ఉత్తరం రాందే తుమ్మను కూడా తుమ్మవు, నువ్వు నాకు చెప్తావా!”

“పోనీ పక్కపక్కన రాసుకుంటే?” అంటూ ప్లెస్‌కే మధ్యలో దూరాడు. దూరాక ఫారం చూశాడు. గీతలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. “కుదరదు” అని ఆయనే మళ్లీ అన్నాడు.

వెనక బల్ల మీద ఒకాయన టోపీ మోకాలి మీద పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. క్లెమెన్స్ ఫాల్‌బుష్. మొన్నమొన్నటిదాకా ఇంటింటికీ తిరిగి జుట్టు నూనె అమ్మినవాడు. ఇప్పుడు ఊళ్లో ఆ గోధుమరంగు చొక్కాల ఉద్యమానికి నాయకుడు. (ఆ ఉద్యమానికి పెద్ద పేరే ఉంది. అయితే అది పలికినప్పుడల్లా కొందరు చెయ్యి పైకెత్తేవారు, అందుకని ఇక్కడ ఉద్యమం అనే అందాం.) జాబితాలో తరువాతివాడు ఆయనే.

పన్నెండు కొట్టింది. గీతలు రెండూ ఖాళీగానే ఉన్నాయి. ఫాల్‌బుష్ లేచి, గుమ్మం పట్టా మీద బూట్లు ఇంకోసారి తుడుచుకుని, కిటికీ దగ్గరికొచ్చి మూడు ప్రతులు పెట్టాడు. మధ్యలో అద్దుడు కాగితాలు. ఒక్క కొట్టివేత లేదు. ప్లెస్‌కేకి కళ్లు చల్లబడ్డాయి.

టాయ్‌బర్టూ క్రాట్సూ కూడా సంతోషంగానే వెళ్లారు. హాలు అవతలివాడికి దక్కలేదు కదా.

ఆ సాయంత్రం నుంచి ప్రతి రెండో శనివారం ఇదే వరస. క్యాథలిక్కులు, వ్యాపారులు కుర్చీలు ఎటు తిప్పి వేయాలన్న దగ్గర తగువుపడ్డారు. హాలు ఉద్యమానికి వెళ్లింది. ఉదారవాదులు రెండు చీలికలై, ఇద్దరూ అదే పేరుతో దరఖాస్తు పెట్టి, ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కారు. హాలు ఉద్యమానికి వెళ్లింది. “నెగ్గడం అంటే ఇంత సుళువా!” అని ఫాల్‌బుష్ ఒకసారి నోరు జారాడు కూడా. వెంటనే సర్దుకుని, ఇది ప్రజల గుండెచప్పుడు అన్నాడు.

“వాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుందండీ” అనేది మాల్‌వీన. ప్లెస్‌కే భార్య. “మీ బట్టతల చూసి కూడా మూడు సీసాలు అంటగట్టి పోయాడు. వాడి నూనెతో మొలిచింది ఏమన్నా ఉందా?”

“నూనె సంగతి నాకు తెలీదు గానీ, ఫారం నింపడంలో అతనికి సాటి లేరు. మీ రైన్‌హోల్డ్ ఇచ్చే కాగితం మీద ఎప్పుడూ కాఫీ మరకే.”

“మీ రైన్‌హోల్డా! చిన్నప్పుడు చెరువులో మునిగిపోతుంటే జుట్టు పట్టి లాగింది మిమ్మల్నా, నన్నా?”

“అప్పుడు జుట్టుండేది” అని ప్లెస్‌కే మాట మార్చాడు.

ఆ జూన్‌లో ఆయనకు మొదటిసారి కాస్త కలవరం కలిగింది. సభ జరిగేటప్పుడు కుర్చీల లెక్క చూడడానికి గుమాస్తా వెనక నిలబడాలని నియమం. ఫాల్‌బుష్ వేదిక మీద నుంచి, దాపరికం లేకుండా, గొంతెత్తి చెప్పాడు: “ఈ హాలు ఒక్కసారి పూర్తిగా మన చేతికి వస్తే, ఇక ఈ ఊళ్లో బుకింగు అన్న మాటే ఉండదు!” జనం బల్లలు చరిచారు. ప్లెస్‌కే మర్నాడే వెళ్లి ఫారం ముందూ వెనకా తిప్పి చూశాడు. “సభ, కచేరీ, నృత్యం, ఇతరములు” అన్న గడులున్నాయి. ఉద్దేశం అన్న గడి లేదు. ఫాల్‌బుష్ “ఇతరములు” దగ్గర టిక్కు పెట్టాడు. అబద్ధం అనడానికి వీల్లేదు.

మరి జనం బల్లలు ఎందుకు చరిచారంటారా? ప్లెస్‌కే కిటికీలోంచి చూస్తే ఎదురుగానే కనబడేది. పక్క భవనంలో నిరుద్యోగుల ముద్ర ఆఫీసు. పని లేదని రుజువుగా మగవాళ్లు వచ్చి కార్డు మీద ముద్ర వేయించుకుని పోవాలి. క్యూ సందు చివర దాకా ఉండేది. ఆ క్యూలో వాళ్లకు టాయ్‌బర్ట్ పార్టీ ఒక పుస్తకం పంచింది, నిరుద్యోగానికి కారణాలు, నలభై ఆరు పేజీలు, పట్టికలతో సహా. అది ఎందుకు తప్పో వివరిస్తూ క్రాట్స్ పార్టీ యాభై రెండు పేజీలు పంచింది. ఫాల్‌బుష్ పుస్తకాలేమీ పంచలేదు. క్యూలో ఇద్దరు మనుషుల్ని నిలబెట్టాడు. ఎవరికైనా ఒంటేలుకు వెళ్లాల్సి వస్తే వాళ్ల చోటు కాపాడడమే వీళ్ల పని.

“వెళ్లిరా తమ్ముడూ, నేనున్నాగా. నీ పేరేంటి? పిల్లలెంతమంది?”

తిరిగొచ్చినవాడు చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుంటూ పక్కవాడితో అనడం ప్లెస్‌కే చెవిన పడింది. “మూడేళ్లయింది ఇక్కడికొచ్చి నిలబడబట్టి. నంబరడిగారు గానీ పేరడిగినవాడు వీడొక్కడే.” ఈ మాట ప్లెస్‌కే ఆ ఆదివారం టాయ్‌బర్ట్‌కి చెప్పాడు. పార్టీ జిల్లా సభలో చర్చకు పెడతానన్నాడు టాయ్‌బర్ట్. సభ నవంబరులో ఉంది.

హాలు సంగతి చూసుకోవడానికి ఒక కమిటీ కూడా ఉండేది. పార్టీకొకరు చొప్పున ఐదుగురు. నలుగురు ఒప్పుకుంటేనే తీర్మానం. వాళ్లు ఆఖరుసారి ఒప్పుకున్నది 1929లో, అదీ కాఫీ విరామం గురించి. ఇలాంటి పరిస్థితికి తొమ్మిదో నియమం దారి చూపింది: అత్యవసరమైతే మేయరు ఒక్కరే నోటీసు అంటించి పని జరిపించవచ్చు. మొదటి పదేళ్లలో మూడు నోటీసులు. 1932 ఒక్క ఏడాదిలో అరవై ఒకటి. పొయ్యికి బొగ్గు అత్యవసరం, పియానోకి శృతి అత్యవసరం, కిటికీకి పరదా అత్యవసరం. మొదట్లో జనం నోటీసు ముందు గుమిగూడి కోపంగా చదివేవారు. తరువాత నడుస్తూ చదివేవారు. ఆ తరువాత చదవడం మానేశారు. ఒక్కడు చెబితే పని జరుగుతుంది, ఐదుగురు కూర్చుంటే జరగదన్న పాఠం ఊరంతటికీ ఉచితంగా చెప్పి పెట్టినవాడు ఫాల్‌బుష్ కాదు, మన మేయరు గారే.

మేయరు డానౌవర్ పెద్దమనిషి. మీసం, గడియారం గొలుసు, మూడు తరాల ఇంటి పేరు. 1933 జనవరి ఆఖర్లో ఆయన ప్లెస్‌కేని పిలిచి తన ఆలోచన బయటపెట్టాడు.

“హాలు తాళంచెవి ఫాల్‌బుష్‌కే ఇచ్చేస్తున్నానయ్యా.”

ప్లెస్‌కే నోరు తెరిచాడు.

“కంగారు పడకు. వాడు బయట ఉన్నాడు గనకే అరుస్తున్నాడు. లోపలికి పిలిచి బాధ్యత నెత్తిన పెడితే నోరు మూతపడుతుంది. పైగా చుట్టూ మనవాళ్లు ముగ్గురుంటారు. తాళంచెవి వాడి చేతిలో, గొళ్ళెం మన చేతిలో. అర్థమైందా?”

“అయిందండి. కానీ అయ్యా… ఆ తలుపుకి గొళ్ళెం లేదండి. 1911లో ఊడిపోయింది.”

మేయరు గారు కాసేపు ఆలోచించారు. “దానికి ఒక కమిటీ వేద్దాం” అన్నారు.

ఇలా ఇంకో అత్యవసర నోటీసుతో తాళంచెవి చేతులు మారింది. దేశ రాజధానిలో ఇంతకంటే పెద్ద మీసాలవాళ్లు అదే వారంలో ఇదే తెలివి ప్రదర్శించారు గనక మన మేయరు గారిని ఒక్కణ్నే అనడం అన్యాయం. ఆ సాయంత్రం కాగడాలు పట్టుకుని ఊరేగింపు తీశారు. (కాగడాలకు అనుమతి ఫారం వేరే ఉంది. నింపారు.) మూడు రోజుల తరువాత టాయ్‌బర్ట్ ఇంటి కిటికీ అద్దాలు ఎవరో పగలగొట్టారు. పోలీసులు వచ్చి, పెంకులు వీధిలో పడ్డాయి కాబట్టి పారిశుద్ధ్య నియమం ఉల్లంఘించావని టాయ్‌బర్ట్‌కే తాఖీదు ఇచ్చి వెళ్లారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం టాయ్‌బర్ట్ ఎప్పటిలాగే పేకాటకు ప్లెస్‌కే ఇంటికి వచ్చాడు. వాళ్ల ఆటకు ముగ్గురు కావాలి. మాల్‌వీన మూడో చెయ్యి. పెనం మీద బంగాళాదుంప అట్లు కాలుతున్నాయి. టాయ్‌బర్ట్ ముక్కలు పంచుతూ తల ఎత్తకుండా అన్నాడు.

“ఒరేయ్ ఓట్టో, నేను ఇల్లు మారాను. గూడ్స్ స్టేషన్ వెనక కూరగాయల తోటలున్నాయే, అక్కడ మా వదినకి ఒక గుడిసె ఉంది. అరవై ఒకటో మడి. ఎవరికీ తెలీదు. మీ పుస్తకంలో రాయకు.”

ప్లెస్‌కే చేతిలో ముక్కలు ఆగిపోయాయి. ఇరవై రెండో నియమం. దరఖాస్తుదారు ఇల్లు మారితే మూడు రోజుల్లో కొత్త చిరునామా రిజిస్టరులో ఎక్కాలి. ఎక్కకపోతే అతని బుకింగులన్నీ రద్దు.

“మార్చి పదకొండున మీ కచేరీ ఉంది కదరా. చిరునామా తప్పని తేలితే ఆ రోజు పోతుంది. జాబితాలో నీ వెనకున్నది ఫాల్‌బుష్. అతను ప్రతి గడీ చూస్తాడు.”

“పోతే పోనీరా.”

“ముప్పై మూడు గొంతులు చలికాలమంతా సాధన చేశాయి. పోతే పోనీ ఏమిటి?”

“ఓట్టో, పాడడానికి ముందు గొంతు ఉండాలి కదరా” అన్నాడు టాయ్‌బర్ట్. నవ్వుతూనే ముక్కలు బోర్లా పెట్టేశాడు.

మాల్‌వీన అట్లకాడ పట్టుకుని వెనక్కి తిరిగింది. “ఆయనంతగా చెప్తున్నాడు కదండీ. రాయొద్దు. మీ నియమం నోట్లో మన్ను పొయ్యా, రాయొద్దు అంతే.”

“సరేలే” అన్నాడు ప్లెస్‌కే.

రెండు రోజులు ఆయనకు అన్నపానీయాలు సయించలేదు. ఆయన ద్రోహి కాడు, భయస్థుడు కూడా కాడు. ఆయన బాధ వేరు. తప్పు చిరునామా ఉన్న మనిషిని ఎవరైనా ఏమైనా చేయవచ్చు, వీడు మోసగాడని చూపించవచ్చు. అన్ని గడులూ సరిగ్గా నింపి ఉన్న మనిషిని ఏ వంకతో పట్టుకుంటారు? నేస్తాన్ని కాపాడాలంటే నియమం గొడుగు కిందికి లాగాలి. చెరువులోంచి జుట్టు పట్టి లాగిన రుణం అలా తీరుతుంది. మూడో రోజు, గడువు ముగియడానికి పది నిమిషాల ముందు, ఆయన పాత చిరునామా మీద స్కేలు పెట్టి గీత కొట్టి, పైన నియమం ప్రకారం ఎర్రసిరాతో రాశాడు: గూడ్స్ స్టేషన్ వెనక తోటలు, అరవై ఒకటో మడి. గుండ్రటి అక్షరాలు. ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

మార్చి మొదటి వారంలో ఫాల్‌బుష్ వచ్చాడు. ఇప్పుడు పట్టా మీద బూట్లు తుడుచుకోలేదు. కానీ ఫారం తెచ్చాడు, మూడు ప్రతులు.

“ప్లెస్‌కే గారూ, బుకింగు రిజిస్టరు మూడు రోజులు కావాలి. పునఃపరిశీలన.”

అప్పుడే మధ్యాహ్నం భోజనం క్యారియరు తెచ్చిన మాల్‌వీన తలుపు దగ్గర నిలబడి ఉంది. ఫాల్‌బుష్ బయట కాసేపు వేచి ఉంటానన్నాడు. తలుపు మూసుకోగానే ఆమె మొగుడి చొక్కా పట్టుకుంది.

“పొయ్యిలో పడెయ్యండి ఆ పుస్తకాన్ని! ఎలకలు కొట్టాయనండి, నీళ్లు పడ్డాయనండి, నేనే తగలబెట్టాననండి!”

“రిజిస్టరు నాశనం చేయాలంటే కమిటీ తీర్మానం కావాలి మాల్‌వీనా. నలుగురు ఒప్పుకోవాలి.”

“మీరొక్కరు ఒప్పుకుంటే చాలదా!”

ఆయన ఏడో ఫారం తీసి చూశాడు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే వాళ్ల సంతకంతో రిజిస్టరు ఆఫీసు దాటవచ్చు. తాళంచెవి ఫాల్‌బుష్ దగ్గరే ఉంది. సంతకం ఉంది. తేదీ ఉంది. ఎక్కడైనా ఒక్క తప్పు దొరుకుతుందేమోనని ఇరవై ఏడేళ్లలో తొలిసారి ఆయన దేవుణ్ని వేడుకుంటూ వెతికాడు. దొరకలేదు. పుస్తకం ఇచ్చి రసీదు తీసుకున్నాడు.

మూడు రోజులంటే మూడో రోజే తెచ్చి ఇచ్చాడు ఫాల్‌బుష్. అట్ట కూడా చెదరలేదు.

“మీకు సన్మానం చేయాలండీ ప్లెస్‌కే గారూ. పక్క ఊళ్లలో మావాళ్లు ఎక్కడెక్కడో వెతుక్కుని, తప్పు తలుపులు బద్దలుకొట్టి నానా యాతన పడ్డారు. ఇక్కడ ఒక్క పొద్దున్నే ఇరవై తొమ్మిది మంది. తలుపు తట్టాం, ఉన్నారు. ఒక్క చిరునామా తప్పు లేదు! టాయ్‌బర్ట్ విషయంలోనే కాస్త దిగులుపడ్డాం. ఇంటికి వెళ్తే అద్దాల్లేవు, మనిషీ లేడు. ఇక దొరకడనుకున్నాం. అంతలో మావాడొకడు, ‘అన్నా, పైన ఎర్రసిరాతో ఏదో ఉందే’ అన్నాడు.”

ప్లెస్‌కే కిటికీ చట్రం పట్టుకున్నాడు.

“వాణ్నీ, ఆ తాళాల క్రాట్స్‌నీ ఒకే లారీ ఎక్కించాం. ఈసారి ఎవరు ముందన్న గొడవ రాలేదు లెండి” అని ఫాల్‌బుష్ నవ్వాడు.

“ఎక్కడికి… ఎక్కడికి తీసుకెళ్లారండి?”

“మీకెందుకు?”

“చిరునామా గడి ఉందండి. మారిన మూడు రోజుల్లో…”

“ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి” అన్నాడు ఫాల్‌బుష్ దయగా.

ఆ ఆదివారం మాల్‌వీన పేకముక్కలు తీయలేదు. తిట్టినా బాగుండునని ప్లెస్‌కే ఏడ్చాడు. ఆమె తిట్టలేదు. అట్లు రెండు కంచాల్లో పెట్టి, మూడో కంచం కూడా తీసి, ఖాళీగా బల్ల మీద ఉంచింది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ప్లెస్‌కే రిజిస్టరు తెరిచాడు. మార్చి పదకొండు, శనివారం, కార్మికుల పాటల సంఘం కచేరీ. తరువాత ఎర్రసిరా కలం తీసి రాశాడు: “దరఖాస్తుదారు నివాసం మారి మూడు రోజులు గడిచినా కొత్త చిరునామా తెలియజేయలేదు. ఇరవై రెండో నియమం కింద రద్దు.” ఒకచోట కన్నీటి చుక్క పడింది. అద్దుడు కాగితంతో అద్దాడు. సిరా చెదరలేదు.